పది పిన్నుల కథ – 7: గీత దగ్గర కూర్చున్నది ఎవరు?

క్రిందటి భాగాన్ని డెన్వర్ నగరంలో ఆపాం. 1927 డిసెంబరులో ప్యూబ్లో పట్టణానికి చెందిన ఫ్లోరెట్టా మెకచ్చన్ అనే ఇల్లాలు, ఆ రోజుల్లో బౌలింగ్‌కు మారుపేరుగా ఉన్న జిమ్మీ స్మిత్‌ను మూడు గేముల పోటీలో ఓడించింది. ఆమెకు 704, ఆయనకు 697. ముప్పై అయిదేళ్ల వయసులో మొదటిసారి బంతి పట్టుకున్న మనిషి, నాలుగేళ్లు తిరిగేసరికి అంతటి వాణ్ణి ఏడు పిన్నుల తేడాతో గెలిచింది. అంతకు పదకొండేళ్ల ముందు, 1916లో సెయింట్ లూయిస్‌లో నలభై మంది ఆడవాళ్లు చేరి తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకోవడం, అదే తర్వాత ఉమెన్స్ ఇంటర్నేషనల్ బౌలింగ్ కాంగ్రెస్‌గా పెరగడం కూడా చెప్పుకున్నాం.

ఈ భాగంతో మొదలుపెట్టే పాఠకుల కోసం ఆట గురించి నాలుగు మాటలు. ఇది క్రికెట్‌లో బంతి వేయడం కాదు. ఇప్పుడు మన హైదరాబాదు మాల్స్‌లో కూడా కనిపించే పది పిన్నుల ఆట. నున్నటి లేన్ మీద బంతి దొర్లించి, అరవై అడుగుల అవతల ముక్కోణంగా నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టాలి. పిన్ను ఎత్తు 15 అంగుళాలు. బంతి బరువు 16 పౌండ్లు దాటకూడదు. ఒక గేములో పది ఫ్రేములు, మామూలుగా ఫ్రేముకు రెండు బంతులు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రయిక్, రెండో బంతికి మిగిలినవి పడితే స్పేర్. లేన్ మొదట్లో అడ్డంగా ఒక సన్నటి గీత ఉంటుంది. ఒంట్లో ఏ భాగం ఆ గీతకు తగిలినా, గీత దాటి లేన్‌ను తాకినా ఆ బంతికి పడ్డ పిన్నులు లెక్కలోకి రావు. దాన్ని ఫౌల్ అంటారు.

తొక్కుడుబిళ్ల ఆడిన ప్రతి ఆడపిల్లకూ ఈ గీత సంగతి తెలుసు. గీత తొక్కావంటే తొక్కావు, లేదంటే లేదు. "తొక్కలేదు" అని ఒకరు, "తొక్కావు, నేను చూశాను" అని ఇంకొకరు, చివరికి "తొండి, తొండి" అని అందరూ. వాకిట్లో ఆట అయితే కాసేపు అలిగి మళ్లీ కలిసిపోతారు. అదే రెండు కాలేజీల మధ్య పోటీ అయితే, పతకమూ పరువూ పంతమూ కలిసిన ఆట అయితే? గీత దగ్గర కూర్చుని "తొక్కింది" అని చెప్పాల్సింది ఎవరు? ఆ మనిషి మాటను ఓడిన జట్టు ఎందుకు ఒప్పుకోవాలి? అమెరికాలో కాలేజీ అమ్మాయిల బౌలింగ్‌కు నియమాలు ఏర్పడిన తీరు ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. దానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

మొదట గీత దగ్గర నిజంగానే ఒక మనిషి ఉండేవాడు. పెద్ద పోటీల్లో లేన్‌ల పక్కన ఎత్తయిన పీట వేసుకుని కూర్చునేవాడు. ఫౌల్ జడ్జి అనేవారు. ఆటగాళ్లంతా పిన్నుల వంక చూస్తుంటే ఆయన చూపు మాత్రం కాళ్ల మీద. గంటల తరబడి జారే బూట్ల కొసలను కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. లేన్ అవతలి కొసన ఇంకో మనిషి, పిన్‌బాయ్. పడ్డ పిన్నులు ఏరి, నిలబెట్టి, బంతిని వెనక్కి దొర్లించే కుర్రాడు. ఏ పిన్ను బంతి తగిలి పడిందో, ఏది అతని కాలు తగిలి పడిందో చెప్పాల్సింది అతనే. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, మధ్యలో లెక్క రాసేవాళ్లు. ఆట నిజాయితీ అంతా ఈ మూడు జతల కళ్ల మీద నిలబడి ఉండేది.

కాలేజీ అమ్మాయిలకు ఈ మూడూ దొరికేవి కావు. వాళ్ల పోటీలే వేరు తరహా.

1923 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఒక సమావేశం జరిగింది. అప్పటి వాణిజ్య మంత్రి, తర్వాత అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ భార్య లూ హెన్రీ హూవర్ దానికి పెద్ద. దేశంలోని మహిళా వ్యాయామ అధ్యాపకులు, మన బడి భాషలో చెప్పాలంటే డ్రిల్లు టీచరమ్మలు, అక్కడ చేరారు. మగపిల్లల కాలేజీ ఆటలను వాళ్లు చూస్తూనే ఉన్నారు. టికెట్ల డబ్బు, గెలుపు కోసం అడ్డదారులు, దెబ్బ తగిలినా ఆడించే కోచ్‌లు, ఆడే పదకొండు మంది కోసం వందల మంది ప్రేక్షకులుగా మిగిలిపోవడం. ఆడపిల్లల ఆటలకు ఈ తెగులు పట్టకూడదని వాళ్లు గట్టిగా తీర్మానించారు. ప్రతి అమ్మాయికీ ఒక ఆట ఉండాలి, ఏదో ఒక ఆటలో ప్రతి అమ్మాయీ ఉండాలి. ఇదీ వాళ్ల సిద్ధాంతం. దాంతో కాలేజీ జట్లు ఊళ్లు తిరిగి పోటీలాడే పద్ధతిని చాలాచోట్ల తగ్గించేశారు.

వాళ్లను ఛాందసులని తోసేయడం తేలిక. నేను ఆ పని చేయను. అమ్మాయిల ఒంటికి ఆట పడదని ఊరంతా నమ్మిన రోజుల్లో, పడుతుందని నిరూపించడానికి వాళ్లు ప్రతి అడుగూ ఆచితూచి వేయాల్సి వచ్చింది. ఎవరికైనా ఒక్క దెబ్బ తగిలితే మొత్తం తలుపులే మూసేస్తారన్న భయం వాళ్లది. అయితే ఆ జాగ్రత్త వల్ల బాగా ఆడగల అమ్మాయికి సాటి మనిషి ఎదురుపడకుండా పోయింది. ఆ నష్టమూ నిజమే.

ఈ ఇరకాటంలోంచి పుట్టిందే టెలిగ్రాఫ్ పోటీ. ఇందులో రెండు కాలేజీల జట్లు ఒకదాన్నొకటి చూడవు. ఎవరి ఊళ్లో వాళ్లే, ఎవరి లేన్ మీద వాళ్లే, ముందుగా అనుకున్న వారంలో ఆడతారు. టీచరమ్మ పక్కన నిలబడి లెక్క రాయించి, సంతకం పెట్టి, మొత్తాన్ని తంతి ద్వారా అవతలి కాలేజీకి పంపిస్తుంది. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎవరు గెలిచారో తెలుస్తుంది. విలువిద్యలో, ఈతలో, తుపాకి గురిలో ఇలాంటి పోటీలు జరిగేవి. బౌలింగ్‌కు ఈ పద్ధతి మరీ బాగా నప్పింది. ఈ ఆటలో ఎదుటి మనిషి మన బంతిని అడ్డుకోదు కదా. ఎవరి పది పిన్నులు వాళ్లవి.

ఆ గది ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. సాయంత్రం పూట ఊళ్లోని బౌలింగ్ హాలు, మగవాళ్లు రాని వేళ చూసి అడిగి తీసుకున్నది. పొడుగు గౌన్లలో అయిదుగురు అమ్మాయిలు. కాగితం, పెన్సిలు పట్టుకున్న టీచరమ్మ. ఒక అమ్మాయి బంతి వదిలింది. బూటు కొస గీత మీదికి ఒక్క పిసరు జారింది. తొమ్మిది పిన్నులు పడ్డాయి. చూసింది టీచరమ్మ ఒక్కతే. ఎదుటి జట్టు ఎక్కడో మూడు వందల మైళ్ల దూరంలో ఉంది. తొమ్మిది రాయాలా, సున్నా రాయాలా?

ఆ పెన్సిలు కొస దగ్గరే అమ్మాయిల కాలేజీ బౌలింగ్‌లో అంపైరింగ్ పుట్టిందని నా నమ్మకం. శిక్షణ ఇచ్చేదీ, లెక్క రాసేదీ, తీర్పు చెప్పేదీ ఒక్క మనిషే. సొంత పిల్లలకు వ్యతిరేకంగా సున్నా రాయగలిగితేనే ఆ తంతిలోని అంకెకు విలువ. ఆ విలువ నిలబెట్టడానికే వాళ్లు నియమాలు ముద్రించడం మొదలుపెట్టారు. లేన్‌లు ఎలా ఉండాలి, ఎన్ని గేములు ఆడాలి, సాధన బంతులు ఎన్ని, లెక్క ఎవరు సరిచూడాలి అన్నీ కాగితం మీదికి రావాల్సి వచ్చింది. ఎదురెదురుగా ఆడితే మాట్లాడి తేల్చుకోవచ్చు. చూడని మనిషితో ఆడినప్పుడు ముందే రాసుకోక తప్పదు.

అమెరికా వ్యాయామ విద్య సంఘంలోని మహిళా విభాగం కొన్ని దశాబ్దాల పాటు ఆటల గైడ్లు వేసింది. డీజీడబ్ల్యూఎస్ అన్న పొడి అక్షరాలతో ఆ పుస్తకాలు కాలేజీ వ్యాయామ శాఖలన్నిటిలో ఉండేవి. బౌలింగ్‌కు విడిగా పుస్తకం లేదు. ఫెన్సింగ్, గోల్ఫ్‌లతో కలిపి ఒకే గైడుగా వచ్చేది. చేతిలో ఇమిడే పుస్తకంలో నియమాలు, నేర్పే పద్ధతులు, టీచర్ల అనుభవాలు ఉండేవి. బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో మహిళా అంపైర్లకు రాత పరీక్ష పెట్టి, మైదానంలో పని చూసి, రేటింగ్ ఇచ్చే బోర్డులు కూడా నడిపారు. ఆడపిల్లల ఆటకు ఆడవాళ్లే తీర్పరులు కావాలి, ఆ పని నేర్చుకుని చేయాలి, దానికి తగిన రుసుము పుచ్చుకోవాలి అన్న పట్టుదల ఆ బోర్డుల వెనక ఉంది. ఈల పట్టుకున్న ఆడమనిషి మాటకు ఆటస్థలం అంతా ఆగిపోవడం అప్పట్లో చిన్న విషయం కాదు.

ఇంతవరకు చెప్పిన నియమాలు ఆటను నిలబెట్టినవి. అదే కాలంలో ఇంకో నియమం మనుషుల్ని బయట నిలబెట్టింది. దాన్ని తొందరగా దాటిపోవడానికి నాకు మనసు ఒప్పదు.

1895లో న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్, ఏబీసీ, తెల్లజాతి మగవాళ్లకే సభ్యత్వం అని తన నిబంధనల్లో రాసుకుంది. మహిళా సంఘం కూడా తెల్లవాళ్లకే అన్న దారిలోనే నడిచింది. తమను మగవాళ్లు రానివ్వడం లేదని వేరే సంఘం పెట్టుకున్న ఆడవాళ్లు, నల్లజాతి ఆడవాళ్లను రానివ్వలేదు. బంతి బరువు, పిన్ను ఎత్తు, గీత వెడల్పు రాసిన పుస్తకంలోనే ఇది కూడా ఉండేది. సంఘం గుర్తింపు లేని పోటీలో ఎంత స్కోరు చేసినా అది రికార్డుల్లోకి ఎక్కదు. కాబట్టి నల్లజాతి అమ్మాయి వరుసగా పన్నెండు స్ట్రయిక్‌లు కొట్టి 300 చేసినా దేశం లెక్కలో అది ఎక్కడా ఉండేది కాదు.

వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1939లో డెట్రాయిట్‌లో నేషనల్ నీగ్రో బౌలింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అందులో ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే సంఘం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మోటారు కార్మికుల సంఘం ఈ విషయాన్ని భుజాన వేసుకుంది. కార్ల ఫ్యాక్టరీల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు పక్కపక్కన పనిచేసి, సాయంత్రం బౌలింగ్ లీగు దగ్గరికి వచ్చేసరికి విడిపోవాల్సి రావడం వాళ్లకు కొరుకుడు పడలేదు. మినియాపొలిస్ మేయరుగా ఉన్న హ్యూబర్ట్ హంఫ్రీ, తర్వాత దేశ ఉపాధ్యక్షుడైన ఆయనే, బౌలింగ్‌లో న్యాయం కోసం పెట్టిన కమిటీకి ముందు నిలిచాడు. కోర్టు కేసులు పడ్డాయి. చివరికి 1950లో ఆ నిబంధనను తీసేశారు. ఒక వాక్యం కొట్టేయడానికి అంత కాలం పట్టింది.

ఆ రోజుల్లోనే లేన్‌ల దగ్గర యంత్రాలు వచ్చాయి. పిన్నులు నిలబెట్టే ఏఎంఎఫ్ కంపెనీ యంత్రాన్ని 1946లో బఫెలో నగరంలో జనానికి చూపించారు. 1950ల్లో అది దేశమంతా పాకింది. పిన్‌బాయ్ వెళ్లిపోయాడు. గీత దగ్గర పీట మీది మనిషి బదులు కాంతిపుంజం వచ్చింది. కాలు అడ్డుపడితే దీపం వెలిగి, బజరు మోగుతుంది. కాలేజీ ఆవరణల్లోని విద్యార్థి భవనాల నేలమాళిగల్లో లేన్‌లు వెలిశాయి. అమ్మాయిలు మగవాళ్లు రాని వేళ కోసం ఎదురుచూడాల్సిన అవసరం తప్పింది. లేన్‌లను ఏటా కొలిచి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి గట్టిపడింది. నేల సమంగా ఉందో లేదో చూసేటప్పుడు ఒప్పుకునే తేడా అంగుళంలో వెయ్యో వంతులు నలభై. రమారమి ఒక మిల్లీమీటరు. ఇప్పుడిక రెండు ఊళ్లలో పడ్డ పిన్నులను పక్కపక్కన పెట్టి చూడటానికి కొంత ఆధారం దొరికింది.

ఆడపిల్లల కాలేజీ ఆటల రాతను మార్చింది మాత్రం యంత్రం కాదు, చట్టం. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా సవరణల్లో తొమ్మిదో శీర్షిక. ఇంగ్లీషులో లెక్కిస్తే ముప్పై ఏడు మాటలు. ప్రభుత్వ సొమ్ము అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ తేడా చూపకూడదని అందులోని సారాంశం. ఎడిత్ గ్రీన్, పాట్సీ మింక్, బర్చ్ బే అనే సభ్యుల శ్రమ దాని వెనక ఉంది. ఆ వాక్యంలో ఆట అన్న మాటే లేదు. అయినా దాని దెబ్బ మొదట తగిలింది ఆటస్థలాలకే.

సరిగ్గా అప్పుడే డ్రిల్లు టీచరమ్మల వారసులు తమ సొంత సంఘాన్ని నిలబెట్టారు. 1971లో ఏర్పడిన ఏఐఏడబ్ల్యూ, కాలేజీ మహిళా క్రీడల సంఘం. పదేళ్లలో దాదాపు వెయ్యి కాలేజీలు అందులో చేరాయి. జాతీయ పోటీలు, నియమాలు, తీర్పరులు, టీవీ ఒప్పందం అన్నీ ఆడవాళ్ల చేతిలోనే నడిచాయి. మగవాళ్ల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ మొదట తొమ్మిదో శీర్షికనే వ్యతిరేకించింది. అడ్డుకోలేమని తేలాక 1981లో తానే మహిళల పోటీలు పెడతానంది. డబ్బున్న సంఘం ప్రయాణ ఖర్చులు కూడా ఇస్తానంటే కాలేజీలు అటు మొగ్గాయి. 1982 నాటికి ఏఐఏడబ్ల్యూ తలుపులు మూసింది. కోర్టుకు వెళ్లినా గెలవలేదు.

దాని ఫలితం ఒక్క అంకెలో కనిపిస్తుంది. 1972లో మహిళా క్రీడా విభాగాల్లో నూటికి తొంభైకి పైగా ఆడవాళ్ల సారథ్యంలో ఉండేవి. 1984కి అది పదిహేడుకు పడింది. ఆడే అమ్మాయిల సంఖ్య పెరిగింది, నియమాలు రాసే బల్ల దగ్గర ఆడవాళ్ల కుర్చీలు తగ్గాయి. అరవై ఏళ్లుగా ఆ బల్లను కాపాడుకుంటూ వచ్చినవాళ్లకు ఇది అన్యాయమని నేను అనుకుంటాను.

బౌలింగ్ అప్పట్లో ఎన్‌సీఏఏ కంట పడలేదు. 1981–82లో తీసుకున్న ఆటల్లో అది లేదు. కాలేజీ బౌలింగ్ జాతీయ పోటీలు 1975 నుంచి బౌలింగ్ సంఘాల నీడలోనే నడిచాయి. ఆ ఏడు మహిళల విజేత విచిటా స్టేట్. చాలా కాలేజీల్లో అది క్లబ్బు ఆటే. చందాలు వేసుకుని, వ్యాన్లలో రాత్రంతా ప్రయాణించి పోటీలకు వెళ్లే జట్లు. ఒక విధంగా ఈ పరాయితనమే మేలు చేసింది. నియమాలు, గీత, లెక్క అన్నీ బౌలింగ్ తెలిసిన మనుషుల చేతిలోనే ఉండిపోయాయి.

1992లో ఎన్‌సీఏఏ తన సభ్య కాలేజీల మీద చేసిన పరిశీలనలో, ఆటల నిర్వహణ ఖర్చులో అమ్మాయిలకు నాలుగో వంతు కూడా దక్కడం లేదని తేలింది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లయింది. కాలేజీలు అమ్మాయిల జట్లు పెంచక తప్పని స్థితి. 1994లో ఎదుగుతున్న మహిళా క్రీడల పేరుతో తొమ్మిది ఆటల జాబితా వేశారు. రోయింగ్, ఐస్ హాకీ, వాటర్ పోలో పక్కన బౌలింగ్ కూడా చేరింది. నలభై కాలేజీలు జట్లు పెడితే జాతీయ ఛాంపియన్‌షిప్ ఇస్తామన్నది షరతు.

ఆ నలభై కోసం మొదట ముందుకొచ్చినవాళ్లు ఎవరో చూడండి. చారిత్రక నల్లజాతి కళాశాలల కూటమి అయిన మిడ్ ఈస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ 1996–97 చదువు సంవత్సరానికి ముందే మహిళా బౌలింగ్‌ను తన ఆటల్లో చేర్చుకుంది. ఎన్‌సీఏఏ గుర్తింపుతో ఆ పని చేసిన మొదటి కాన్ఫరెన్స్ అదే. కారణాల్లో ఖర్చు ఒకటి. కొత్త స్టేడియం అక్కర్లేదు, జట్టుకు పదిమంది లోపు చాలు, ఊళ్లో లేన్‌లు ఉంటే సరిపోతుంది. చిన్న బడ్జెట్ల కాలేజీలకు అది అందుబాటులో ఉన్న ఆట. 1950 దాకా ఎవరిని గీత దగ్గరికి రానివ్వలేదో వాళ్ల మనవరాళ్ల కాలేజీలే ఈ ఆటను జాతీయ స్థాయికి మోశాయి.

2003–04లో ఛాంపియన్‌షిప్ ఖాయమైంది. అప్పుడు మళ్లీ పాత ప్రశ్న లేచింది. ఏ పుస్తకం ప్రకారం ఆడాలి? తీర్పు ఎవరిది?

కొత్తగా మొదటి నుంచి రాయకూడదన్నది నా లెక్కలో తెలివైన నిర్ణయం. బౌలింగ్ సంఘాల నిబంధనావళినే మూలంగా తీసుకుని, కాలేజీ ఆటకు కావలసిన మార్పులు మాత్రం పైన చేర్చారు. 2005లో మగవాళ్ల, ఆడవాళ్ల, పిల్లల బౌలింగ్ సంఘాలన్నీ కలిసి యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ అయ్యాక ఆ పుస్తకమే ఆధారం. పెద్ద యూనివర్సిటీలు, చిన్న కాలేజీలు అన్న తేడా లేకుండా మూడు డివిజన్లకూ కలిపి ఒకే టైటిల్ పెట్టారు.

ఆటను జట్టు ఆటగా మార్చింది బేకర్ పద్ధతి. ఏబీసీ కార్యదర్శిగా పనిచేసిన ఫ్రాంక్ బేకర్ పేరు మీద వచ్చింది. అయిదుగురూ కలిసి ఒకే గేము ఆడతారు. మొదటి అమ్మాయికి ఒకటి, ఆరు ఫ్రేములు. రెండో అమ్మాయికి రెండు, ఏడు. అలా అయిదో అమ్మాయికి అయిదు, పది. ఒకరి స్ట్రయిక్‌కు విలువ తర్వాతి అమ్మాయి వేసే బంతుల మీద ఆధారపడుతుంది. పదో ఫ్రేము వేసే అమ్మాయి మీద అయిదుగురి భారం ఉంటుంది. తుదిపోరులో ఇలాంటివి ఏడు గేములు, నాలుగు గెలిచినవాళ్లదే కప్పు.

ఈ వేగంలో తగాదాలు ఎలా తీరతాయో చూస్తే పాత టీచరమ్మ పెన్సిలు గుర్తొస్తుంది. కాంతిపుంజం పనిచేయకుండా కాలు స్పష్టంగా గీత దాటిందనుకోండి. ఇరు జట్ల కెప్టెన్లూ చూశామంటే, లేదా లెక్క రాసేవాళ్లో పోటీ అధికారో చూస్తే, దీపం వెలగకపోయినా అది ఫౌలే. అంటే తప్పు చేసిన జట్టు కెప్టెన్ "అవును, తొక్కింది" అని ఒప్పుకోవాలని నియమం ఆశిస్తోంది. మొదటి బంతికి ఫౌల్ అయితే పిన్నులన్నీ మళ్లీ నిలబెట్టి రెండో బంతి వేయనిస్తారు. అప్పుడు పదీ పడితే స్పేర్. లాభం కోసం కావాలని గీత దాటితే మాత్రం సున్నా రాసి, ఆ ఫ్రేములో ఇంకో బంతి వేయనివ్వరు. పొరపాటుకు రెండో అవకాశం, తొండికి లేదు.

పిన్నుల సంగతీ అంతే. పక్కగోడకు ఆనుకుని నిలబడ్డ పిన్ను పడినట్టే లెక్క. తన చోటు నుంచి జరిగినా నిలబడి ఉంటే నిలబడ్డట్టే. బంతి పక్కనున్న కాలువలో పడి ఎగిరొచ్చి పిన్నుకు తగిలితే అది చెల్లదు. యంత్రం తగిలి పడితే మళ్లీ నిలబెట్టాలి. అక్కడికక్కడ తేలని వివాదం వస్తే ఆట ఆపరు. తాత్కాలిక బంతి వేయించి రెండు లెక్కలూ రాసి ఉంచుతారు. తీర్పు వచ్చాక ఒకటి నిలుస్తుంది, ఒకటి పోతుంది. ఊపు మీదున్న అమ్మాయి చేతిని చల్లారనివ్వని నియమం ఇది. ఆడిన అనుభవం ఉన్నవాళ్లే ఇలాంటిది రాయగలరు.

మొదటి ఛాంపియన్‌షిప్ 2004 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో జరిగింది. నెబ్రాస్కా యూనివర్సిటీ సెంట్రల్ మిసోరీ స్టేట్‌ను 4–2తో ఓడించింది. మరుసటి ఏడూ నెబ్రాస్కాదే కప్పు. 2006లో ఫెయిర్లీ డికిన్సన్ గెలిచింది. ఆ ఏడు ఫైనల్లో ఓడిన జట్టు అలబామా ఏ అండ్ ఎం, నల్లజాతి కళాశాల. 2007లో వాండర్‌బిల్ట్, మేరీలాండ్ ఈస్టర్న్ షోర్ జట్లు చివరి ఏడో గేము దాకా పోరాడాయి. 4–3తో వాండర్‌బిల్ట్ గెలిచింది. అన్ని ఆటలూ కలిపి చూసినా ఆ యూనివర్సిటీకి అదే మొట్టమొదటి జాతీయ జట్టు టైటిల్.

ఓడిన మేరీలాండ్ ఈస్టర్న్ షోర్ ప్రిన్సెస్ ఆన్ అనే చిన్న ఊళ్లో 1886లో పెట్టిన నల్లజాతి కళాశాల. ఏడాది తిరిగేసరికి, 2008 ఏప్రిల్‌లో ఒమాహా నగరంలో ఆ జట్టు మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. కోచ్ షారన్ బ్రమెల్. ఎదుట అర్కన్సా స్టేట్. గీత అదే, పిన్నులు అవే, పుస్తకం అదే. ఈసారి 4–2తో కప్పు వాళ్లకు దక్కింది. ఎన్‌సీఏఏ మహిళా బౌలింగ్ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి కళాశాల అది. తర్వాత 2011లోనూ, 2012లోనూ మళ్లీ గెలిచి అది గాలివాటు గెలుపు కాదని చూపించింది. 1950కి ముందు ఈ అమ్మాయిలు ఒక్క పిన్ను పడగొట్టినా పుస్తకంలోకి ఎక్కేది కాదు. ఇప్పుడు ప్రతి పిన్నూ ఎక్కింది.

గీత సంగతి తేలింది, లెక్క సంగతి తేలింది. కానీ లేన్ మీద ఇంకో గీత ఉంది, అది కంటికి అంత తేలిగ్గా ఆనదు. లేన్ పొడవునా దాదాపు నలభై అడుగుల దాకా నూనె పూస్తారు. ఆపైన పొడి. నూనె ఎక్కడ ఎంత పోయాలన్నది మారిస్తే మామూలు జట్టు కూడా పెద్ద స్కోరు చేస్తుంది, గొప్ప జట్టు కూడా తడబడుతుంది. ఆ నూనె పటాన్ని గీసేది ఎవరు, దాని చుట్టూ జరిగిన తగువులేమిటి, 2020లో బంతికి వేసే అదనపు రంధ్రాన్ని ఎందుకు నిషేధించారు అన్నవి వచ్చే భాగంలో. ఈలోగా మీరు ఏదైనా బౌలింగ్ సెంటర్‌కు వెళ్తే, బంతి వేసే ముందు గీత వెనకాల కాస్త వంగి లేన్‌ను ఏటవాలుగా చూడండి. దీపాల వెలుతురు ఎక్కడిదాకా మెరుస్తోందో, ఎక్కడ మసకబారుతోందో గుర్తుపెట్టుకోండి. వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెడదాం.